గోడ దాటిన ఇంటర్వ్యూ

కూర్చోండి, టీ వస్తోంది. ఈలోపు మీకో గొప్పవాడి గురించి చెబుతాను. మంచి ఉద్యోగం ఒకటి తనను వెతుక్కుంటూ ఇంటికొస్తే, సొంత తెలివితేటలతో, సొంత ఫోన్ లైన్ మీద, దాన్ని పై ఫ్లాట్ దాకా భద్రంగా సాగనంపిన మహానుభావుడు! ఎవరా అని వెతక్కండి. మీ ఎదురుగానే కూర్చుని బిస్కెట్ నములుతున్నాడు.

నేను చేసే పని మీకు తెలుసుగా. హైటెక్ సిటీలో ఉద్యోగం అనగానే మా చుట్టాలంతా నేనేదో రాకెట్లు ఎగరేస్తున్నాననుకుంటారు. చేసేది వైటూకే! పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో ఉంటుంది, దాన్ని నాలుగంకెలు చెయ్యాలి. పొద్దున బస్సు దిగి 98ని 1998 చేస్తాను. సాయంత్రం దాకా అదే చేసి, అలసిపోయి, బస్సెక్కి వస్తాను. ఇంజనీరింగ్ అంత కష్టపడి చదివింది ఇందుకే మరి!

పోనీ అదైనా శాశ్వతమా? రెండువేల సంవత్సరం వచ్చిందంటే ఆ పని అయిపోతుంది. పనితో పాటు మేమూ అయిపోతాం. "తర్వాత మా గతేంటి సార్?" అని మేనేజర్ జనార్దన్ గారిని అడిగితే, ఆయన కిటికీలోంచి బయటి బండరాళ్ల వైపు చూసి "చూద్దాం తియ్" అన్నారు. ఆ "చూద్దాం" విన్నాక నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ఎందుకంటే ఆయనకీ ఏమీ తెలియదని ఆ మొహం చూస్తేనే అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడే బెంగళూరు కంపెనీ ఒకటి ఇక్కడ బ్రాంచి పెడుతోందని తెలిసింది. ఇంట్లో టీవీ, ఫోను, కంప్యూటరు, కాలింగ్ బెల్లు, అన్నిటినీ తీగలు లేకుండా కలిపే సామాన్లు చేస్తారట. వెంటనే రెజ్యూమె పంపాను. "ఆదివారం పొద్దున మీ ఇంటికి ఫోన్ చేస్తాం, అదే ఇంటర్వ్యూ" అన్నారు. ఇది వస్తే బతికిపోతాను. రాకపోతే వైటూకేతో పాటు ఇంటికే. ఇంకో సంగతి, ఈ విషయం ఆఫీసులో ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా జనార్దన్ గారికి. తెలిస్తే ఉన్నది కూడా ఊడుతుంది.

తెలియకుండా ఉండడం మా దగ్గర ఎంత తేలికో చెప్తాను వినండి. మా కంపెనీ మియాపూర్‌లో ఈ అపార్ట్‌మెంటు మొత్తం లీజుకి తీసుకుని మమ్మల్నందరినీ ఇందులోనే కుక్కింది. ఒకే చోట బస్సెక్కించుకుని ఒకే చోట దించెయ్యొచ్చని. జనార్దన్ గారి ఫ్లాటు సరిగ్గా మా నెత్తి మీదే. ఆయన సొంతూరు కోకాపేట, అక్కడ ఆయనకి ఇప్పటికీ పొలాలున్నాయి. "ఈడ ఏముందయ్యా, అగ్గిపెట్టెలు" అని విసుక్కుంటూనే వాళ్లమ్మగారితో కలిసి ఇక్కడ ఉంటున్నారు. పగలంతా ఆయన చేత తిట్లు తిని ఇంటికొస్తే, రాత్రి ఆయన కుర్చీ జరిపిన చప్పుడు కూడా నాకే వినపడుతుంది. అదృష్టం!

ఇక మా టీ బండి పార్లమెంటు. ఆఫీసు బయట తవ్విపోసిన మట్టి మధ్య నిలబడి రోజూ దేశ భవిష్యత్తు తేల్చేస్తుంటాం. ఆ వారం చర్చ, ఇంట్లో సామాన్లు కలపడానికి ఏ వైర్‌లెస్ మంచిదని. ఆ చర్చ మొదలెట్టింది ఎవరనుకున్నారు? నేనే! ఇంటర్వ్యూకి ప్రిపరేషన్ అన్నమాట. చూశారా, ఎంత గుట్టో!

నేను రేడియో పార్టీ. జనార్దన్ గారు ఇన్‌ఫ్రారెడ్ పార్టీ. ఇన్‌ఫ్రారెడ్ అంటే ఏం లేదు, మన టీవీ రిమోట్‌లో ఉండేదే. కంటికి కనపడని వెలుతురు, గోడ దాటి పోదు.

"గోడ దాటనిది కూడా ఓ వైర్‌లెస్సేనా సార్?" అన్నాను. "రిమోట్ పట్టుకుని టీవీకి ఎదురుగా భక్తుడిలా నిలబడాలి. మధ్యలో మా ఆవిడ అడ్డమొస్తే ఛానలే మారదు!"

అందరూ నవ్వారు. జనార్దన్ గారు మాత్రం టీ ఊదుకుంటూ, "గోడ దాటకపోవుడే మంచిదయ్యా మూర్తీ. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంటది. నీ రేడియో గోడ దాటినంక యాడికి పోతదో నీకెర్కనా?" అన్నారు.

"ఎక్కడికి పోతుంది సార్, నా ఫోన్ దగ్గరికే వస్తుంది!" అన్నాను. మళ్లీ నవ్వులు. ఎవరో వెనకనుంచి బ్లూటూత్ అని కొత్తదొకటి రాబోతోందట అన్నారు. "ఏం, పళ్ల డాక్టర్లు కనిపెట్టారా?" అని దాన్నీ అక్కడే పాతిపెట్టేశాను. ఇద్దరు నవ్వితే చాలు, ఇక నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

మా ఆఫీసుకి ఇంకో జబ్బుంది. ఒకరు ప్రెషర్ కుక్కర్ కొన్నారంటే అందరికీ అదే కుక్కర్ కావాలి. అదే షాపు, అదే కంపెనీ, అదే రంగు. గుంపుగా కొంటే డిస్కౌంట్ ఇస్తారని. మా అపార్ట్‌మెంట్లో ఏ ఫ్లాటులో విజిలేసినా నాలుగిళ్లలో ఆడవాళ్లు స్టవ్ దగ్గరికి పరిగెడతారు. ఈసారి నేను అంత గొప్పగా వాదించేసరికి అందరికీ కార్డ్‌లెస్ ఫోన్లు కావాల్సి వచ్చాయి. లైను తగిలించిన బేస్ ఒక మూల ఉంటుంది, చేతిలో హ్యాండ్‌సెట్‌తో ఇల్లంతా తిరుగుతూ మాట్లాడొచ్చు. ఎక్స్‌పర్ట్ ఎవరు? మూర్తి. వెళ్లి తెచ్చేది ఎవరు? మూర్తి!

అబిడ్స్‌లో షాపువాడు రెండు రకాలు చూపించాడు. ఒకదానికి ఛానల్ మార్చుకునే బటనుంది. పక్క ఫోన్ అడ్డమొస్తే మార్చుకోవచ్చని డబ్బా మీదే రాసుంది. రెండోదానికి బటన్ లేదు, ఉన్నదొకటే ఛానల్. కానీ దానికి వైర్‌లెస్ కాలింగ్ బెల్లు ఉచితం.

"ఒక ఇంటికి ఇన్ని ఛానళ్లెందుకయ్యా, ఇదేమన్నా కేబుల్ టీవీనా?" అన్నాను.

"సహీ బాత్ సాబ్" అన్నాడు వాడు. వాడిదేం పోయింది!

బెల్లున్న రకమే అందరికీ తీసుకున్నాను. శనివారం సాయంత్రం ఆటోలో దింపి, ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి ప్రసాదంలా పంచిపెట్టాను. జనార్దన్ గారు వద్దు వద్దంటుంటే, వాళ్లమ్మగారు లక్ష్మమ్మ గారి చేతిలో పెట్టి, "వంటింట్లోంచి కూడా మాట్లాడుకోవచ్చమ్మా" అని నేర్పించి మరీ వచ్చాను. ఆవిడకి తెగ నచ్చేసింది. అంత శ్రద్ధ ఎవరికుంటుంది చెప్పండి?

ఇంటికొచ్చి మా పాత ఫోన్ పీకి అటక మీద పడేశాను. మా పద్మ చూసి, "రేపు ఇంటర్వ్యూ కదండీ, ఆ ఒక్క రోజూ పాతది ఉంచుకోకూడదూ? అదైతే శుభ్రంగా వినపడుతోందిగా" అంది.

"వైర్‌లెస్ కంపెనీ ఇంటర్వ్యూ తీగ ఫోన్లో ఇస్తానా? నీకు ఆ ఫీల్ తెలీదు" అన్నాను.

"ఆ ఫీలేదో రేపు మీకు తెలుస్తుంది లెండి" అంది. ఆవిడ నోట్లోంచి ఏ ముహూర్తాన వచ్చిందో ఆ మాట!

ఆదివారం తెల్లారింది. పాలవాడొచ్చి కింద మొదటి ఫ్లాటు బెల్లు నొక్కాడు. ఇక చూడండి! బిల్డింగ్‌లో బెల్లులన్నీ ఒకేసారి మోగాయి. అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలో ఒక ఆడమనిషి, చేతిలో పాలగిన్నె. పాలవాడు పైకి చూసి బెదిరిపోయి డబ్బా కింద పెట్టేశాడు. వాడు రెండో ఫ్లాటుకి వెళ్లి నొక్కితే మళ్లీ అందరూ బయటికి. మూడో ఫ్లాటులో ఇక బెల్లు ముట్టుకోకుండా "అమ్మా, పాలు!" అని అరిచాడు. మనిషన్నవాడికి ఆ ఒక్కటి చాలు, ఏదో తేడాగా ఉందని అర్థం కావడానికి.

నాకు అర్థమైందా? "చూశావా పద్మా, సిగ్నల్ ఎంత స్ట్రాంగో!" అన్నాను.

పద్మ పాలగిన్నెతో నిలబడి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

చెప్పిన టైముకే ఫోన్ మోగింది. అవతల శేషగిరి గారట, బెంగళూరులో స్థిరపడిన తెలుగాయనే. చాలా మర్యాదస్తుడు. నేను హ్యాండ్‌సెట్ పట్టుకుని హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి బెడ్‌రూంకి దర్జాగా తిరుగుతూ మాట్లాడుతున్నాను. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నానండోయ్, ఫోన్ ఇంటర్వ్యూకి!

"మూర్తి గారూ, ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు మానేద్దామనుకుంటున్నారు?" అన్నారాయన.

"ఏం చెప్పమంటారు సార్, మా మేనేజర్‌కి విజన్ లేదండీ" అన్నాను. "పాతకాలం మనిషి. ఇంకా ఇన్‌ఫ్రారెడ్ దగ్గరే ఆగిపోయాడు."

"ఓహో. సరే, ఒక ఇల్లుందనుకోండి. టీవీ, ఫోను, బెల్లు, అన్నీ వైర్‌లెస్‌గా కలపాలి. మీరైతే ఏది తీసుకుంటారు?"

వారం రోజులుగా టీ బండి దగ్గర రిహార్సల్ వేసిన ప్రశ్న! ఇక చూస్కోండి, రేడియో గురించి దంచేశాను. గోడలు లెక్కచెయ్యదన్నాను, ఎదురుగా ఉండక్కర్లేదన్నాను, ఇల్లంతా ఒకటే రేడియో చాలన్నాను. ఆయన ఊ కొడుతున్నారు. ఉద్యోగం వచ్చేసినట్టే, సీటు కిటికీ పక్కన అడుగుదామా అని ఆలోచిస్తున్నాను.

"బాగుంది. మరి పక్కింటివాళ్లది కూడా అదే రేడియో అయితే? మన మాటలు వాళ్లకి వినపడవా?"

"ఇంపాజిబుల్ సార్!" అన్నాను. "అదంతా పుకారు. నేను స్వయంగా మా బిల్డింగ్ మొత్తానికి..."

"హలో... ఎవలు మాట్లాడుతుండ్రు?" అంది ఫోన్లో ఒక ఆడగొంతు.

నా నడక ఆగిపోయింది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నిన్న సాయంత్రం ఆ చేతికి ఆ ఫోన్ ఇచ్చింది నేనేగా!

"జర ఫోన్ పెట్టెయ్ బిడ్డా, బోరబండల మా బిడ్డతోని మాట్లాడాలె" అన్నారు లక్ష్మమ్మ గారు.

"అమ్మా, నమస్కారం. ఇక్కడ ఇంటర్వ్యూ జరుగుతోందండీ" అన్నారు శేషగిరి గారు, పాపం, మర్యాద కొద్దీ.

"ఉద్యోగం ముచ్చటా? ఇయ్యుండ్రి సారూ, పుణ్యముంటది. పిలగాని పేరేంది?"

"మూర్తి గారని..."

"మూర్తా? మా కొడుకు కింద గూడ ఒక మూర్తి ఉన్నడు సారూ. మా కిందింట్లనే ఉంటడు. రేడియో రేడియో అని పానం తీస్తడంట. నిన్న ఈ ఫోనిచ్చింది ఆయననే. ఆగుండ్రి, మా కొడుకుని పిలుస్త."

అయ్యా, నా పరిస్థితి ఆలోచించండి! లైన్ కట్ చేస్తే ఇంటర్వ్యూ పోతుంది. కట్ చెయ్యకపోతే ఉన్న ఉద్యోగం పోతుంది. గొంతు మార్చి మాట్లాడదామా అనుకున్నాను. ఏ గొంతుతో మాట్లాడినా నా పేరు అప్పుడే చెప్పేశారుగా! ఈ ఆలోచనలో నేనుండగానే, పైన కుర్చీ జరిగిన చప్పుడైంది.

"హలో, ఎవరండీ?" జనార్దన్ గారు.

శేషగిరి గారు ఫలానా అని చెప్పుకున్నారు. తర్వాత జనార్దన్ గారు నెమ్మదిగా, "మూర్తీ, లైన్ల ఉన్నవా?" అన్నారు.

"ఉన్నాను సార్" అన్నాను. అబద్ధమేదీ తోచలేదు.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. శేషగిరి గారికి ఉత్సాహం వచ్చేసింది. "అసలిది ఎలా జరిగిందంటారు?" అని ఆయన్ని అడిగారు. ఆయనేమో అమ్మగారిని కేకేసి కనుక్కుని, ఇలాగని చెప్పారు. ఆవిడ ఇడ్లీల్లోకి చట్నీ చెయ్యడానికి వాళ్లింట్లో ఫోన్ బేస్ ప్లగ్గు పీకి మిక్సీ ప్లగ్గు పెట్టారట. ఆ తర్వాత వాళ్ల హ్యాండ్‌సెట్ నొక్కితే, దానికి సొంత బేస్ లేదు కాబట్టి, అదే ఛానల్ మీదున్న మా బేస్‌ని పట్టేసుకుంది. బిల్డింగ్ మొత్తానికి ఛానల్ ఒకటేగా!

"మరి మీరైతే ఏది తీసుకుంటారు?" అన్నారు శేషగిరి గారు.

నా ప్రశ్నండీ అది! నా ఇంటర్వ్యూలో, నా ఫోన్లో, నా ప్రశ్న!

"ఒక్కదాంతోని కాదు సార్" అన్నారు జనార్దన్ గారు. "ఒక్క రూంల పనికి ఇన్‌ఫ్రారెడ్ చాలు, అది బయటికి పోదు. ఇల్లంతా తిరగాలంటే రేడియోనే, కాదంటలే. కాని ప్రతి సెట్టుకు సొంత కోడ్ ఉండాలె. బేస్ తన హ్యాండ్‌సెట్‌ని గుర్తుపట్టినంకనే లైన్ ఇయ్యాలె. గోడ దాటేదానికి తాళం పెట్టకుంటే, గిట్లనే నా ఇంట్ల మూర్తి ఇంటర్వ్యూ వినపడతది."

శేషగిరి గారు గట్టిగా నవ్వారు. ఎంత హాయిగా నవ్వారో! ఇక ఆయన ఒకటడగడం, ఈయనొకటి చెప్పడం. మధ్యలో నేను "సార్, నేనూ అదే అనబోతున్నా" అని రెండుసార్లు దూరాను. ఎవరూ వినలేదు. ఇంతలో నా హ్యాండ్‌సెట్ కుయ్ కుయ్ అంది. బ్యాటరీ! రాత్రంతా చార్జింగ్ పెట్టమని డబ్బా మీద రాసుంటే, నేను రాత్రి ఇల్లంతా తిరుగుతూ చుట్టాలందరికీ ఫోన్లు చేసి "ఇప్పుడు బాల్కనీలో ఉన్నా, ఇప్పుడు బాత్రూం పక్కనున్నా" అని చెప్పుకున్నాను కదా. రెండు కూతలు కూసి చచ్చిపోయింది.

నేను లేకుండా నా ఇంటర్వ్యూ జరుగుతోంది. హాల్లో బల్ల మీద బేస్, దాని మీద, లైన్లో మాట నడుస్తోందని చెప్పే ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నేను ఇస్త్రీ చొక్కాతో దాని ముందు కూర్చున్నాను.

"ప్లగ్గు పీకెయ్యండి!" అంది పద్మ.

"పీకితే జనార్దన్ గారికి కోపం రాదూ?" అన్నాను.

"మీ ఇంటర్వ్యూ ఆయన ఇస్తున్నారండీ!"

"అదే, మధ్యలో పీకితే మన గురించి ఏమనుకుంటారు?"

పద్మ నెత్తి కొట్టుకుంది. ఏం చెయ్యను? నాకు నిజంగా భయం వేసింది. రెండు ఉద్యోగాలూ ఆ ఎర్రలైటులోనే ఉన్నాయి. పీకితే ఏది పోతుందో, పీకకపోతే ఏది మిగులుతుందో లెక్క తేలలేదు. ఆ లైటు ఎప్పటికో ఆరింది. పైనుంచి నవ్వు వినపడింది. ఈసారి రేడియో అక్కర్లేకుండా, గోడలోంచే.

సోమవారం క్యాబిన్‌కి పిలిచారు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నాకు విజన్ లేదన్నవంటగదా?"

"అమ్మగారు అప్పటికే లైన్లో ఉన్నారా సార్?"

"సరిగ్గ ఆ మాటకాడనే లైన్లకొచ్చింది. నువ్వు జెప్పిందంత జెప్పింది." కాసేపు నా మొహం చూసి, ఇక ఆపుకోలేక నవ్వేశారు. "ఫికర్ చెయ్యకు. వాళ్లు నన్ను రమ్మన్నరు. పోతున్న. నేను గూడ పరేషాన్ల ఉంటినయ్యా, ఈ పని అయిపోయినంక ఏంది అని. నీకు జెప్పలేకపోయిన."

నాకు ఒక్క నిమిషం కోపం రాలేదు. నిజం చెప్తున్నా. ఆయనకీ నాలాగే అన్నం సయించలేదన్నమాట. రెండో నిమిషంలో వచ్చింది లెండి. "మరి నా గురించేమన్నా అన్నారా సార్?" అన్నాను.

"అడిగిండ్రు. ఉన్నదున్నట్టు జెప్పిన" అన్నారు. అక్కడితో నా ఆశ అయిపోయింది.

ఫేర్‌వెల్ పార్టీలో సమోసాలు పెట్టారు. జనార్దన్ గారు మైకు పట్టుకుని, "ఈ ఉద్యోగం నాకు వచ్చిందంటే మూర్తి వల్లనే. ఆయన లైన్ మీదనే నా ఇంటర్వ్యూ అయింది. నేను మాట్లాడుతుంటే ఒక్క మాట అడ్డం రాలే. గసుంటి మనసు ఎవరికుంటది?" అన్నారు. బ్యాటరీ అయిపోయిందని లేచి చెప్పలేను కదా! అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా పద్మ ఇంకా గట్టిగా కొట్టింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి ఆఫీసులో నా పేరు మార్మోగుతోంది. మూర్తి గారింటికెళ్లి ఆ ఫోన్లో మాట్లాడితే ఉద్యోగం వస్తుందట! నవ్వకండి, టెస్టింగ్ టీమ్ కుర్రాడు పోయిన ఆదివారం వచ్చి మా హాల్లోనే ఇంటర్వ్యూ ఇచ్చాడు. వచ్చింది కూడా! స్వీట్లు తెచ్చాడు. మీరిప్పుడు టీలో ముంచుకున్న బిస్కెట్లు కూడా వాడు తెచ్చినవే.

అవునూ, ఇందాకట్నుంచి చూస్తున్నా, మీ చేతిలో ఆ కవరేంటండీ? రెజ్యూమేనా? పర్లేదు, మొహమాటపడకండి, ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యండి. ఫోన్ మీ చేతికిచ్చి, నేను పక్కగదిలోకెళ్లి నోరు మూసుకుని కూర్చుంటాను. నేను నోరు మూసుకుంటే చాలు, అవతలివాళ్లకి ఉద్యోగం వచ్చేస్తుంది!